బీరువా ఖాళీ చేసే ముందు పక్క ఊరికి ఫోన్ చేయండి

వానలు మొదలయ్యే ముందు మన లైబ్రరీల్లో ప్రతి ఏడూ ఇదే వరస. స్లాబులు కారతాయి, బీరువాలు జరపాలి, జరపాలంటే పుస్తకాలు దించాలి, దించాక మళ్లీ ఎక్కించే ఓపిక ఎవరికీ ఉండదు, అప్పుడు గుర్తొస్తుంది ‘ఇన్ని అవసరమా’ అని. ఈ నెల ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి, అటు మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి కూడా వచ్చిన ప్రశ్నలు చాలావరకు దీని చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతావి వచ్చే నెలకి వాయిదా.

ప్రశ్న: మాస్టారూ, మా ఊళ్లో తెలుగువాళ్లు ఎప్పుడో పెట్టుకున్న చిన్న పఠన మందిరం ఉంది. రిపేరు కోసం నాలుగు బీరువాలు ఖాళీ చేయక తప్పదు. పదేళ్లుగా ఎవరూ తీయని పుస్తకాలన్నీ తూకానికి ఇచ్చేద్దాం అని కమిటీలో సగం మంది, ఒక్క పుస్తకం కదిపినా ఊరుకోం అని మిగతా సగం. దేన్నిబట్టి తేల్చుకోవాలి?
(కమిటీ సభ్యుడు, పర్లాకిమిడి)

జవాబు: ఎవరైనా తీశారా లేదా అన్నది తర్వాత చూడొచ్చు. ముందు అడగాల్సింది, ఈ పుస్తకం ఇంకెక్కడైనా దొరుకుతుందా అని. మీ కమిటీలో రెండు పక్షాలూ దీన్ని వదిలేసి దెబ్బలాడుకుంటున్నట్టున్నాయి.

ఎవరూ తీయని పుస్తకాలు ఉండటం పెద్ద విశేషం కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ 1969లో కొన్న పుస్తకాలు 1975 దాకా ఎన్నిసార్లు బయటికెళ్లాయో లెక్క తీస్తే, దాదాపు 40 శాతం ఒక్కసారి కూడా కదల్లేదు. 1979లో ఆ రిపోర్టు వచ్చినప్పుడు లైబ్రేరియన్లు, ప్రొఫెసర్లు బాగానే తిట్టుకున్నారు. అంత డబ్బున్న చోటే అలా ఉంటే మీరు సిగ్గుపడాల్సిందేం లేదు. అయితే మన ఊళ్లలో ఆ లెక్కకి ఒక మెలిక ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది కదా, అప్పటి నుంచి పిల్లలు ఒడియా మీడియంలో, ఇప్పుడైతే ఇంగ్లీషు మీడియంలో చదువుకుంటున్నారు, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చాలామందికి అక్షరాలు రావు. డ్యూ డేట్ స్లిప్పు (తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వేసే కాగితం) మీద చివరి ముద్ర ఇరవై ఏళ్ల కిందటిదైతే, ఆ పుస్తకం తీసుకునే పెద్దాయన పోయి ఉంటాడు, అంతే. ఆ స్లిప్పు చూసి పుస్తకానికి తీర్పు చెప్పేస్తే ముందుగా పోయేవి మనకి తప్ప ఇంకెవరికీ పట్టనివే.

కాబట్టి పుస్తకాలు నేల మీద పరిచి మొదట సులువైనవి తీసేయండి. పాత పోటీ పరీక్షల గైడ్లు, సిలబస్ మారిపోయిన టెక్స్ట్‌బుక్స్, సవరణలు వచ్చిన పన్నుల పుస్తకాలు, విండోస్ 98 నేర్పేవి, ఒకే నవల మూడు నాలుగు కాపీలుంటే అందులో చిరిగినవి. వీటి మీద మీటింగ్ పెట్టడం కూడా దండగ. పాత మందుల పుస్తకాలు మాత్రం తప్పకుండా తీయండి, వాటిని చూసి ఎవరైనా డోసు వేసుకుంటే మన మెడకి చుట్టుకుంటుంది. బాగా అమ్ముడుపోయి ఎన్నో ముద్రణలు వచ్చిన నవలలు కూడా, కొత్త ప్రింటు విజయవాడ, హైదరాబాద్ షాపుల్లో దొరుకుతుంటే, మీ దగ్గరున్న అట్ట ఊడిన ప్రతిని పట్టుకుని వేలాడనక్కర్లేదు.

రెండో కుప్ప అసలైనది. పుస్తకం తెరిచి లోపలి అట్ట తర్వాత పేజీ వెనక్కి తిప్పండి. ‘ప్రథమ ముద్రణ, ప్రతులు 500, గ్రంథకర్తయే ప్రచురించినది’ అని ఉందా? ప్రెస్సు పేరు బరంపురమో, పర్లాకిమిడో, విజయనగరమో, శ్రీకాకుళమో ఉందా? అయితే చేయి వెనక్కి తీసుకోండి. అయిదు వందలు అచ్చేస్తే సగం బంధువులకి పంచి ఉంటారు, మిగతా సగం ఆయన అటకమీద చెదలు తిని ఉంటాయి. స్థలపురాణాలు, శతకాలు, స్కూలు వార్షికోత్సవ సంచికలు, సంఘాల నివేదికలు, నాటక సమాజాల కరపత్రాలు, పెళ్లికి అచ్చేయించిన పద్యాల పుస్తకాలు కూడా ఈ కుప్పే. ఇవన్నీ పల్చగా, రెండు పిన్నులతో, వెన్ను మీద పేరు కూడా లేకుండా ఉంటాయి. అందుకే శుభ్రం చేసేటప్పుడు చీపురుతో పాటు పోయేవి ఇవే, లావాటి సంపుటాలు మాత్రం గౌరవంగా బీరువాలో కూర్చుంటాయి. నన్నడిగితే తిరగేయాలి ఆ గౌరవాన్ని.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. సవర గిరిజనుల భాష మీద ఆయన పనంతా అక్కడే నడిచింది. ఆ కాలంనాటి సవర వాచకాలు గానీ, పాత జమీందారీ ఎస్టేటు ముద్రలున్నవి గానీ, మార్జిన్లో ఎవరో పెన్సిలుతో రాసుకున్న నోట్సు ఉన్నవి గానీ కనబడితే అవి పేరుకి పుస్తకాలే అయినా రాతప్రతుల్లాగే చూడాలి. అదే పుస్తకం వేరే చోట ఉన్నా సరే, ఆ రాతలు అక్కడుండవు.

మధ్యలో మిగిలేవి ఎటూ తేలనివి. వాటికే ఫోన్లు చేయాలి. కథల సంపుటాలు, పాత పత్రికల కథల సంచికలు అయితే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం మీకు కూతవేటు దూరం, ముందు అక్కడ కనుక్కోండి. పాత వార, మాస పత్రికల బైండులైతే వేటపాలెం సారస్వత నికేతనం, అది 1918 నాటిది. 1936కి ముందు అచ్చయినవైతే అప్పుడు మన వైపంతా మద్రాసు రాజధాని కాబట్టి చెన్నై కన్నెమరా లైబ్రరీ కేటలాగు చూడండి. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, కన్నెమరాకి, ముంబై, ఢిల్లీల్లో ఒక్కో లైబ్రరీకి కాపీలు పంపాలి. కానీ సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్న మన మాస్టార్లు అందరూ పోస్టాఫీసుకి వెళ్లి పంపించారని నేనైతే నమ్మను.

ఇంకొకటి. ఉంచాలి అనుకున్న పుస్తకం పేజీ మూల మెల్లగా ఒకసారి మడిచి, మళ్లీ వెనక్కి మడవండి. అక్కడికే విరిగి చేతిలోకొస్తే ఆ కాగితం ఆమ్లానికి పెళుసెక్కిపోయింది. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు మిషను మీద బోర్లా అదమకండి, తెరిచీ తెరవనట్టు పెట్టి ఫోన్‌తో పైనుంచి ఫొటోలు తీయండి.

ప్రశ్న: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో ఉన్న తెలుగు సంఘాల లైబ్రరీలన్నీ కలిసి, ఎవరు ఏ పుస్తకం ఉంచాలో పంచుకుంటే ఎలా ఉంటుందని మా మిత్రుల్లో చర్చ వచ్చింది. విదేశాల్లో ఇలా చేస్తారట కదా? మన స్థాయికి కుదిరే పనేనా, లేక ఊరికే మీటింగులు పెట్టుకుని టీ తాగడమేనా?
(బరంపురం)

జవాబు: టీ తాగకుండా ఏ ఉమ్మడి పనీ అవదు లెండి. కుదురుతుంది. విదేశాల వాళ్లకి ఉన్నవి మనకి లేవు గానీ, వాళ్లు నేర్చుకున్నది మాత్రం ఉచితంగా తీసుకోవచ్చు.

బ్రిటన్‌లో 2007లో యూకే రీసెర్చ్ రిజర్వ్ అని మొదలుపెట్టారు. యూనివర్సిటీలన్నింటిలో అవే పాత జర్నళ్లు, అందరికీ చోటు లేదు. ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో, ఇంకో రెండు సభ్య లైబ్రరీల్లో, మొత్తం మూడు కాపీలు ఖాయమని తేలాకే మిగతావాళ్లు తమవి తీసేయొచ్చు అన్నది నియమం. అలా 100 కిలోమీటర్లకి పైగా అరలు ఖాళీ అయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే బరంపురం నుంచి పలాస దాటేసి ఇంకా ముందుకి వస్తుంది. అమెరికా తూర్పు వైపు కాలేజీలు ఈస్ట్ అనే పేరుతో ఇలాంటిదే పుస్తకాలకి పెట్టుకున్నాయి. మొదటి విడతలోనే 60 లక్షల వరకు పుస్తకాలు 2031 దాకా, అంటే 15 ఏళ్లు, ఉంచుతామని రాసిచ్చాయి. ఊరికే నోటిమాట కాదు, కేటలాగులో ఆ పుస్తకం రికార్డులోనే 583 అనే గడిలో ‘ఫలానా ఏడాది దాకా ఉంచుతాం’ అని పెడతారు, కొత్తగా చేరిన లైబ్రేరియన్ పొరపాటున తీసేయకుండా.

ఈ ఈస్ట్ వాళ్లు చేసిన వాటిల్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. కేటలాగులో ఉన్నంత మాత్రాన పుస్తకం అరలో ఉన్నట్టు కాదని, ఒక్కో లైబ్రరీలో కొన్ని వేలు నమూనాగా తీసి మనుషుల్ని పంపి వెతికించారు. సుమారు 97 శాతం దొరికాయి. మనమైతే ఆ మూడు శాతం దగ్గర ఆగుతామా? మన రిజిస్టర్లు చూస్తే ముప్పై శాతం గల్లంతైనా ఆశ్చర్యం లేదు. అందుకని రిజిస్టరు చూసి లిస్టు రాయకండి. అర ముందు నిలబడి, పుస్తకం చేతిలోకి తీసుకుని రాయండి.

ఇప్పుడు మన సంగతి. మొదట అందరూ ఒకే రకం ఎక్సెల్ షీటు పెట్టుకోండి: పేరు, రచయిత, అచ్చయిన ఏడాది, ఎన్నో ముద్రణ, ప్రచురణకర్త, ఊరు, పేజీలు, పరిస్థితి. పేరు తెలుగు లిపిలోనే టైపు చేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకే పుస్తకం నలుగురి దగ్గర నాలుగు స్పెల్లింగులతో నాలుగు పుస్తకాలైపోతుంది, లేదా రెండు వేర్వేరు పుస్తకాలు ఒకటైపోతాయి. పేజీల సంఖ్య ఎందుకంటారా, ఒకే పేరుతో మొదటి ముద్రణకీ తర్వాతదానికీ ముందుమాట మారుతుంది, అనుబంధాలు పోతాయి. అనుమానం ఉన్నచోట టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అన్ని పుస్తకాలకీ ఇంత చేయనక్కర్లేదు, మొదటి కుప్ప ముందే పోయింది కదా.

తర్వాత వచ్చేదే కష్టం. ‘వాళ్ల దగ్గర ఉందిగా’ అని వీళ్లు, ‘వీళ్ల దగ్గర ఉందిగా’ అని వాళ్లు, ఇద్దరూ ఒకే ఏడాది అదే పుస్తకం అమ్మేస్తారు. ఇలాంటి చోట్ల చెడు ఉద్దేశంతో ఎవరూ ఏమీ పోగొట్టరు, ఎదుటివాళ్ల మీద నమ్మకంతోనే పోగొడతారు. కాబట్టి షీటులో ఇంకో రెండు గడులు పెట్టండి: ‘ఉంచే బాధ్యత ఎవరిది’, ‘ఎప్పటిదాకా’. ఆ గడి నిండకుండా ఎవరూ ఏదీ తీయకూడదు. పదేళ్లు చాలు. కమిటీలు మారతాయి, అధ్యక్షులు మారతారు, జీవితాంతం అని రాసుకుంటే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. తీర్మానం మినిట్స్ బుక్కులో రాసి నాలుగు సంఘాలూ సంతకాలు పెట్టుకోండి, ఒక్కో కాపీ ఒక్కోచోట ఉండాలి.

ఎన్ని కాపీలు అన్నది కూడా అడుగుతారు. అరుదైనవాటికి కనీసం రెండు, వీలైతే మూడు. కానీ ఆ రెండూ ఎక్కడున్నాయన్నది లెక్కకన్నా ముఖ్యం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ల పైకప్పులు లేచిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. రెండు కాపీలూ బరంపురంలో రెండు వీధుల్లో ఉంటే అవి తుఫాను దృష్టిలో ఒక్కటే. ఒకటి తీరం దగ్గర ఉంటే రెండోది ఘాట్ ఎక్కించి జయపురం పంపండి, కొండమీద గాలి తేమ సంగతి అక్కడివాళ్లు చూసుకుంటారు. అమెరికావాళ్ల పద్ధతుల్లో మన మీద సరిగ్గా కూర్చోనివి చాలా ఉన్నాయి గానీ, కాపీలు దూరదూరంగా ఉండాలన్నది మాత్రం మనకే ఎక్కువ వర్తిస్తుంది.

ఇంకో మాట గట్టిగా రాసుకోండి. పుస్తకం వదులుకున్న లైబ్రరీ అడిగితే, ఉంచుకున్న లైబ్రరీ పంపించాలి. బస్సులో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపుకోవడం మనకేం కొత్త కాదు, బియ్యం బస్తాలే పంపుకుంటాం. పంపనంటే ఆ ఏర్పాటు రెండో ఏడాదికే కూలుతుంది, ఆ తర్వాత ఎవరూ మళ్లీ ఒక్క పుస్తకం కూడా వదలరు.

సంఘాల మధ్య పాత గొడవలుంటాయి, తెలుసు. ఎవరిది పాత సంఘం, ఎవరు చీలిపోయారు, ఏ ఉగాదికి ఎవర్ని పిలవలేదు. అవన్నీ తేలేదాకా ఆగితే పుస్తకాలు ఆగవు. షీటు వరకు మాత్రం కలవండి.

ప్రశ్న: నేను కాలేజీ లైబ్రేరియన్‌ని. పాడైపోయిన పుస్తకాలు తీసేయాలంటే ఆడిట్ భయం. ఒక్కటి తగ్గినా జీతంలోంచి కోస్తారని సీనియర్లు భయపెడుతున్నారు. నిజమేనా?
(రాయగడ)

జవాబు: ఈ భయం వల్లే మన కాలేజీ లైబ్రరీల్లో సగం చోటు చచ్చిన పుస్తకాలు ఆక్రమించాయి. టెన్షన్ పడకుండా కాగితాలు చూడండి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, అంటే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో, 215వ నియమం లైబ్రరీల గురించే. 20,000 లోపు పుస్తకాలుంటే ఏటా పూర్తి స్టాక్ వెరిఫికేషన్, 20,000 దాటి 50,000 లోపైతే మూడేళ్లకోసారి, అంతకు మించితే నమూనా పద్ధతిలో. ఏడాదిలో ఇచ్చిన లేదా చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ అయిదు పోతే అది మామూలు నష్టం కిందే లెక్క, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోయినా, అరుదైనది పోయినా విచారణ తప్పదు. మీది రాష్ట్ర ప్రభుత్వం కిందిదైతే మీ రాష్ట్ర నియమాలు, మీ యాజమాన్యం ఆర్డర్లు చూసుకోవాలి. కానీ కేంద్రమే పుస్తకాలు పోవడం సహజమని రాసుకున్నాక, జీతం కోస్తారన్న మాట ఆ సీనియర్లకి ఎక్కడ దొరికిందో అడగండి.

పైగా పోవడం వేరు, తీసేయడం వేరు. తీసేయడానికి కమిటీ, లిస్టు, ప్రతి పుస్తకం ఎదురుగా కారణం, ప్రిన్సిపాల్ ఆమోదం, తర్వాత అక్సెషన్ రిజిస్టర్లో (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే పుస్తకం) ఆ నంబరు ఎదురుగా ఎర్ర ఇంకుతో తేదీ, తీర్మానం నంబరు. ఆ అక్సెషన్ నంబరు మళ్లీ ఇంకో పుస్తకానికి ఎప్పుడూ ఇవ్వకండి. పుస్తకం మీద ‘విత్‌డ్రా’ ముద్ర వేయండి, లేకపోతే ఫుట్‌పాత్ మీద మీ కాలేజీ స్టాంపుతో అది దొరికిన రోజున దొంగతనం కేసు మీ మీదికే వస్తుంది. కోల్‌కతా రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ లాంటి గ్రాంటుల మీద వచ్చినవి విడిగా పెట్టి, వాటి షరతులు చూశాకే ముట్టుకోండి.

లిస్టు తయారయ్యాక, రైట్ ఆఫ్ చేసే ముందు, అంటే లెక్కల్లోంచి కొట్టేసే ముందు, చుట్టుపక్కల కాలేజీలకి ఒక పదిహేను రోజులు పంపి ఉంచండి. ఎవరికీ అక్కర్లేదన్న ఆ మెయిళ్లే ఆడిట్‌కి మీ సాక్ష్యం.

ప్రశ్న: మాది గోదావరి ఒడ్డు, అవతల కాళేశ్వరం. ఇక్కడి వాచనాలయంలో మరాఠీతో పాటు కొన్ని తెలుగు పుస్తకాలున్నాయి. చిరిగినవి తీద్దామంటే, సంఖ్య తగ్గితే గ్రేడు పోతుందని అంటున్నారు.
(సిరొంచ)

జవాబు: వాళ్ల భయంలో నిజముంది. మహారాష్ట్రలో 1967 చట్టం కింద గ్రాంటు తీసుకునే వాచనాలయాలకి అ, బ, క, డ అని వర్గాలున్నాయి, వర్గం తేల్చడంలో పుస్తకాల సంఖ్య కూడా ఒక లెక్క, గ్రాంటు దాన్నిబట్టే. చిరిగిన పుస్తకం కూడా అంకెలో ఒకటిగా నిలబడుతుందన్నమాట. ఈ నియమం మంచిదని నేను అనను. కానీ మీరు దాన్ని మార్చలేరు కాబట్టి, తీసేవి తీసిన ఏడాదే అన్ని కొత్తవి చేర్చేలా చూసుకోండి, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా. తెలుగు పుస్తకాలు మాత్రం మరాఠీ కమిటీ చేత తీయించకండి. చదవలేనివాళ్లకి అన్నీ పాతవిగానే కనిపిస్తాయి, అందులో వాళ్ల తప్పేం లేదు. తెలుగొచ్చినవాళ్లు ఒకరిద్దరు కూర్చోవాలి.

ప్రశ్న: ఇప్పుడు పాత తెలుగు పుస్తకాలన్నీ పీడీఎఫ్‌లో దొరుకుతున్నాయి కదా. ఇంకా ఈ దుమ్ము కాగితాలెందుకండీ?
(జయపురం)

జవాబు: అన్నీ దొరకట్లేదు, దొరికినవన్నీ సరిగ్గా లేవు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది, ఆ పనికి దండం పెట్టాల్సిందే. కానీ తెరిచి చూడండి: మధ్యలో రెండు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, మార్జిన్ కోసేసి ఉంటుంది, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలాగో రాసి ఉంటుంది, వెతికితే దొరకదు. తర్వాత ఆ సైటే అందకుండా పోయింది. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి చాలావరకు మిగిలాయి. ఎగిరిపోయిన ఆ రెండు పేజీలు కావాలంటే అచ్చు ప్రతి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అమెరికాలో హాతీట్రస్ట్ అనే లైబ్రరీల ఉమ్మడి డిజిటల్ నిల్వ ఉంది, 2008లో మొదలైంది, కోటీ డెబ్బై లక్షలకి పైనే సంపుటాలు. అంత స్కాన్ చేసి కూడా వాళ్లు 2017 నుంచి సభ్య లైబ్రరీల చేత అచ్చు ప్రతులు ఉంచుతామని విడిగా హామీలు తీసుకుంటున్నారు. స్కాన్ ఉంది కదా అని ధైర్యంగా తీసేయగలిగింది కూడా ఆ హామీలు ఉన్నందుకే.

మీరే స్కాన్ చేయాలనుకుంటే, మన కాపీరైట్ చట్టంలో లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి కొంత వెసులుబాటు ఉంది. తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని మూడు కాపీల దాకా చేసుకోవచ్చు. అయితే రచయిత పోయిన తర్వాతి 60 ఏళ్లు గడవని పుస్తకాన్ని నెట్‌లో అందరికీ పెట్టేయడం దీని కిందికి రాదు, అది వారసుల్ని అడిగి చేయాల్సిన పని. అడిగితే మన వైపు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, అడగరనేదే వాళ్ల కోపం.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఇల్లు అమ్మేస్తున్నాం. రెండు గదుల నిండా పుస్తకాలు. ఏ లైబ్రరీ వాళ్లూ తీసుకోనంటున్నారు. ఇంత విలువైన సేకరణకి ఇదేనా గౌరవం?
(బరంపురం వదిలి విశాఖలో ఉంటున్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమవుతోంది, కానీ వాళ్ల వైపు నుంచి కూడా చూడండి. మీ నాన్నగారి పుస్తకాల్లో చాలావరకు వాళ్ల దగ్గర ఇప్పటికే రెండేసి ఉంటాయి. ‘రెండు గదులు తీసుకోండి’ అంటే ఎవరూ ముందుకి రారు. ‘ఈ నలభై పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయా’ అని లిస్టు పంపితే వస్తారు. పైన పర్లాకిమిడి వారికి చెప్పిన పద్ధతే: ఊళ్లో అచ్చయినవి, సొంతంగా వేసుకున్నవి, ఉత్తరాలు, డైరీలు, సభల ఫొటోలు ముందు విడదీయండి. ఉత్తరాలు, డైరీలు పుస్తకాల మధ్యలో పెట్టి ఉంటాయి, ఒక్కో పుస్తకం దులిపి చూడండి. మిగతావి బంధువులకి, స్కూళ్లకి, అడిగినవాళ్లకి. ఆయన పేరుతో ప్రత్యేక బీరువా పెట్టాలన్న షరతు మాత్రం పెట్టకండి, ఆ ఒక్క షరతు దగ్గరే చాలా మంచి సేకరణలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ప్రశ్న: పుస్తకం సాక్షాత్తూ సరస్వతి. దాన్ని తీసేయమని సలహా ఇవ్వడానికి మీకు చేతులెలా వస్తున్నాయి?
(గుణుపురం)

జవాబు: కాలు తగిలితే కళ్లకద్దుకునేవాణ్ణే నేనూ. కానీ తడిసి, అతుక్కుపోయి, బొద్దింకలు కాపురం పెట్టిన పాత ఇన్‌కంటాక్స్ గైడుని బీరువాలో ఉంచి, చోటు లేదని ఊరి కవి శతకాన్ని మెట్ల కింద గోనెసంచిలో పెట్టడం ఏ పూజ కిందికి వస్తుందో మీరే చెప్పండి. మీ ఊళ్లో అలాంటి గోనెసంచి ఉందో లేదో ఒకసారి చూసి రాయండి, ఉంటే పైన చెప్పిన షీటులో గుణుపురం పేరు కూడా చేర్చమని బరంపురం వాళ్లకి చెబుతాను.

ప్రశ్న: తీసేసిన పుస్తకాల్లో కొన్నింటికి చెదలు పట్టాయి. పల్లెటూరి స్కూలుకి దానం ఇవ్వొచ్చా?
(ఛత్రపురం)

జవాబు: వద్దు. చెదలు కూడా దానం వెళతాయి. పట్టినవాటిని వెంటనే ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ బీరువా గోడకి ఆనుకుని ఉంటే జరపండి, వెనక గోడ మీద మట్టి గీత కనిపిస్తుంది, మందు అక్కడ కొట్టించాలి. పుస్తకం మీద కాదు. అందులో అరుదైనది ఉంటే మిగిలిన పేజీలు ఫొటో తీసుకోండి, లేకపోతే పారేయండి. స్కూలుకి శుభ్రమైనవి, పిల్లలు చదవగలిగేవి ఇవ్వండి. ఒడియా మీడియం స్కూలైతే ఒడియా పుస్తకాలు కొని ఇవ్వండి, మన బీరువా ఖాళీ అవడానికి వాళ్ల బీరువా నింపకండి.